పెళ్లి చెల్లదు, అల్లుడు మాత్రం విదేశీయుడు

సరిహద్దుల అవతల మన మీద ఎవరు కత్తి నూరుతున్నారో పసిగట్టడానికి 1968లో ఇందిరాగాంధీ ఒక సంస్థ పెట్టించారు. దాని పేరు ‘రా’. ఎక్కడ ఎంతమందిని పెట్టుకుందో, ఎవరికి ఎంత ముట్టజెప్పిందో అది పార్లమెంటుకు కూడా చెప్పనక్కర్లేదు. అంతటి సంస్థ 2019 ఏప్రిల్ 11న ఒక ఉత్తరం రాసింది. సంగతి మరీ తీవ్రమైనది కాబోలు, 2021 మార్చి 18న ఇంకొకటి రాసింది. రెండు ఉత్తరాల సారం ఇది: ఢిల్లీలో సౌరభ్ కిర్పాల్ అనే న్యాయవాది ఉన్నారు. ఆయన గే. ఆ సంగతి దాచుకోవడం లేదు. ఆయన సహచరుడు స్విట్జర్లాండ్ పౌరుడు.

మన గూఢచారులకు జోహార్లు. ఈ రహస్యం ఛేదించడానికి ఎన్ని మారువేషాలు వేశారో, ఎన్ని రాత్రులు నిద్ర కాచారో పాపం. నాలుగు రూపాయలు పెట్టి పేపరు కొనుక్కున్నా పని జరిగిపోయేది. తన సంగతి తానే అందరికీ చెప్పుకున్న మనిషి కిర్పాల్. స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్ కొట్టేయమని సుప్రీం కోర్టుకెక్కిన నవతేజ్ జోహార్ తరఫు న్యాయవాదుల్లో ఆయన ఒకరు. 2020లో ‘సెక్స్ అండ్ ద సుప్రీం కోర్ట్’ అని ఒక పుస్తకానికి సంపాదకత్వం వహించారు, అట్ట మీద సొంత పేరుతోనే. ఢిల్లీ హైకోర్టు క్యాంటీన్‌లో టీ పోసే కుర్రాడికి కూడా తెలిసిన విషయాన్ని దేశం కాస్త ఆలస్యంగా, సీల్డ్ కవరులో తెలుసుకుంది.

ఇంతకీ ఆయన చేసిన నేరమేమిటంటే, జడ్జి కావడానికి పనికొస్తారని కొందరు జడ్జీలు అనుకోవడం. 2017 అక్టోబరు 13న ఢిల్లీ హైకోర్టు కొలీజియం, అంటే కొత్త జడ్జీల పేర్లు సూచించే సీనియర్ జడ్జీల బృందం, ఆయన పేరును ఏకగ్రీవంగా సిఫారసు చేసింది. చదువు ఆక్స్‌ఫర్డ్‌లో, కేంబ్రిడ్జిలో. తండ్రి బి.ఎన్. కిర్పాల్ 2002లో ఆర్నెల్లపాటు భారత ప్రధాన న్యాయమూర్తి. ఇలాంటి ఇంటి పిల్లలకు మన న్యాయవ్యవస్థలో తలుపులు ఎలా తెరుచుకుంటాయో నేను వేరే చెప్పనక్కర్లేదు. ఆ తలుపుల మీద నాకున్న అభిప్రాయం కూడా అంత గొప్పదేమీ కాదు. కానీ ఈ ఒక్కసారి మాత్రం తలుపు తెరుచుకోలేదు. వారసత్వం కూడా నెగ్గుకురాలేని అనర్హత ఒకటి మన దేశంలో ఉందని అప్పుడే తెలిసింది.

ముందు సుప్రీం కోర్టు కొలీజియం సంగతి చూద్దాం. అక్కడ ఆయన ఫైలుకు పట్టిన గతి రెడ్డొచ్చె మొదలాడు. 2018 సెప్టెంబరు 4న వాయిదా. 2019 జనవరిలో వాయిదా. ఏప్రిల్‌లో మళ్లీ వాయిదా. వీటిలో మొదటి వాయిదా తేదీని కాస్త గుర్తుపెట్టుకోండి. సరిగ్గా రెండు రోజుల తర్వాత, అంటే 2018 సెప్టెంబరు 6న, అదే కోర్టు, అదే ప్రధాన న్యాయమూర్తి దీపక్ మిశ్రా అధ్యక్షతన, స్వలింగ ప్రేమ నేరం కాదని తీర్పు చెప్పింది. దేశమంతా కళ్లొత్తుకుంది. గౌరవం గురించి, ఆత్మాభిమానం గురించి ఎంతో చక్కని వాక్యాలు ఆ తీర్పులో ఉన్నాయి. మంగళవారం నాడు గే న్యాయవాది ఫైలు పక్కన పెట్టి, గురువారం నాడు గే పౌరులకు స్వేచ్ఛ ప్రకటించడం అంటే, మీరు బోనులోంచి బయటికి రావచ్చు గానీ బెంచి మీదికి మాత్రం రావద్దని చెప్పడమే.

2021లో ప్రధాన న్యాయమూర్తి బోబ్డే, అసలు మీ అభ్యంతరమేమిటో కాస్త తేల్చి చెప్పండని కేంద్రాన్ని అడిగారు. అప్పటి న్యాయశాఖ మంత్రి రవిశంకర్ ప్రసాద్ జవాబు రాశారు. ఆ ఉత్తరం తేదీ 2021 ఏప్రిల్ 1. ఇది నేను కల్పించిన తేదీ కాదు, కొలీజియం ప్రకటనలోనే ఉంది.

ఆ ఉత్తరం సారాంశం వినండి. స్వలింగ సంపర్కం ఇప్పుడు నేరం కాకపోవచ్చు, కానీ స్వలింగ వివాహానికి మన చట్టాల్లో, రాసిపెట్టినవాటిలోగానీ రాయని వ్యక్తిగత చట్టాల్లోగానీ, గుర్తింపు లేదు. పైగా అభ్యర్థికి గే హక్కుల మీద అమితమైన మమకారం ఉంది, కనుక ఆయన పక్షపాతంగా వ్యవహరించరని చెప్పలేం.

ఈ రెండు ముక్కల్నీ ‘రా’ ఉత్తరాల పక్కన పెట్టి చదివితే గానీ మన ప్రభుత్వ మేధస్సు పూర్తిగా అర్థం కాదు. న్యాయశాఖ ఏమంటోంది? వీళ్లిద్దరి బంధం చట్టం కంటికి కనపడదు, ఆ రెండోమనిషి ఈయనకేమీ కాడు. గూఢచారి శాఖ ఏమంటోంది? ఆ రెండోమనిషి ఈయనకు సర్వస్వం, ఆయన విదేశీయుడు కావడం దేశ భద్రతకే ముప్పు. ఆలూ లేదు చూలూ లేదు అంటూనే, అల్లుడి పాస్‌పోర్టు తనిఖీ చేస్తున్నారు. బంధం లేదనుకుంటే విదేశీ జీవిత భాగస్వామి అన్న అభ్యంతరం చెల్లదు. ఉందనుకుంటే గుర్తింపు లేదన్న అభ్యంతరం చెల్లదు. రెండూ ఒకే ఫైల్లో, ఒకే ట్యాగుకు గుచ్చి, అంత గంభీరంగా పంపగలగడం సామాన్యులకు చాతనయ్యే పని కాదు. సెక్రటేరియట్‌లో జీవితాలు అరగదీసుకున్న గుమాస్తాలు కూడా ఇక్కడ చేతులెత్తి నమస్కరించాలి.

విదేశీ జీవిత భాగస్వామి విషయం చూద్దాం. కె.ఆర్. నారాయణన్ విదేశాంగ సర్వీసులో ఉండగా బర్మాలో ఒకావిడను ప్రేమించారు. ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్లు విదేశీయులను పెళ్లాడకూడదన్న నిబంధన ఉంటే నెహ్రూ ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. ఆయన తర్వాత రాయబారి అయ్యారు, ఉపరాష్ట్రపతి అయ్యారు, రాష్ట్రపతి అయ్యారు. త్రివిధ దళాలూ ఐదేళ్లపాటు ఆయన ఆజ్ఞ కింద ఉన్నాయి, ఒక్క తుపాకీ కూడా బర్మాకు చేరలేదు. ఇప్పటి విదేశాంగ మంత్రి జైశంకర్ సతీమణి జపాన్‌లో పుట్టినవారు. దేశంలోని విదేశీ వ్యవహారాలన్నీ చూసే బల్ల మీద లేని ముప్పు, ఢిల్లీ హైకోర్టులో చెక్ బౌన్సు కేసులు వినే బల్ల మీద ఎలా పుట్టుకొస్తుందో ‘రా’ వారు చెప్పాలి. కొలీజియం కూడా 2023లో ఈ మాటే, కాస్త మర్యాదగా, పేర్లు చెప్పకుండా అంది. రాజ్యాంగ పదవుల్లో ఉన్నవాళ్లలో, ఉండి వెళ్లినవాళ్లలో విదేశీయులను పెళ్లాడినవాళ్లు చాలామందే ఉన్నారని.

అందులోనూ స్విట్జర్లాండ్! ప్రపంచంలో ఎవరితోనూ తగాదా పెట్టుకోకపోవడమే వృత్తిగా బతికే దేశం. తెలుగు హీరో హీరోయిన్లు చలికి వణుకుతూ డ్యూయెట్లు పాడిన దేశం. స్వతంత్ర భారతానికి ఏడాది నిండకముందే, 1948 ఆగస్టు 14న, మనతో స్నేహ ఒప్పందం చేసుకున్న దేశం. 2024 మార్చి 10న మరో మూడు దేశాలతో కలిసి అది మనతో వాణిజ్య ఒప్పందం మీద సంతకం చేసింది. పదిహేనేళ్లలో పదివేల కోట్ల డాలర్ల పెట్టుబడి తెప్పిస్తామని ఆ నాలుగు దేశాలూ అన్నాయి. మంత్రులు పూలగుచ్ఛాలు ఇచ్చిపుచ్చుకున్నారు. ఆ పదివేల కోట్ల డాలర్లలో స్విస్ డబ్బు ఎంత దిగినా దేశానికి ముప్పు లేదు. స్విస్ మనిషి ఒక్కడు, ఒక ఇంట్లో, ఒకరిని ప్రేమించి ఉంటే ముప్పు. ఇంకో విషయం. 2021 సెప్టెంబరు 26న ఆ దేశ ప్రజలు ఓటు వేసి, నూటికి అరవై నాలుగు మంది స్వలింగ వివాహానికి సరేనన్నారు. బహుశా ముప్పు అదేనేమో. అంటువ్యాధిలాంటి ప్రజాస్వామ్యం.

ఇప్పుడు రెండో ఆరోపణకు వద్దాం. మమకారం. గే హక్కులంటే అమితమైన మమకారం ఉన్నవాడు జడ్జి అయితే పక్షపాతం చూపిస్తాడట. మంచి సూత్రమే. అయితే దీన్ని అందరికీ వర్తింపజేయాలి కదా. వివాహ వ్యవస్థ మీద అమిత మమకారం ఉండి, నాలుగు వేళ్ల మందం బంగారంతో కొడుకు పెళ్లి చేసిన జడ్జి వరకట్నం కేసు వినకూడదు. భూమి మీద మమకారం ఉన్న జడ్జి భూసేకరణ కేసు వినకూడదు. కులం మీద మమకారం ఉన్న జడ్జి రిజర్వేషన్ల కేసు వినకూడదు. అప్పుడు కోర్టులో మిగిలేది ఫ్యాను, బల్ల, బంట్రోతు. బంట్రోతుకు కూడా ఎవరో ఒక దేవుడు ఉండే ఉంటాడు.

కాదు, మమకారాలన్నీ ఒకటి కావని ప్రభుత్వ ఉద్దేశమేమో. దానికీ దాఖలా ఉంది. 2023 జనవరి 17న మద్రాసు హైకోర్టుకు ఎల్. విక్టోరియా గౌరి పేరును కొలీజియం సిఫారసు చేసింది. ఆమె బీజేపీ మహిళా మోర్చాలో పనిచేసినవారు. క్రైస్తవుల మీద, ముస్లింల మీద ఆమె పాత ఇంటర్వ్యూల్లో మాట్లాడిన మాటలు విద్వేషం కిందికే వస్తాయంటూ మద్రాసు న్యాయవాదులు సుప్రీం కోర్టుకు వెళ్లారు. ఫిబ్రవరి 7న సుప్రీం కోర్టు ఆ పిటిషన్లు కొట్టేసింది, అదే రోజు ఉదయం ఆమె ప్రమాణ స్వీకారం కూడా అయిపోయింది. సిఫారసు నుంచి ప్రమాణం దాకా మూడు వారాలు. కిర్పాల్ పేరును కొలీజియం రెండోసారి గట్టిగా పంపింది ఆమె పేరు సిఫారసైన మర్నాడే, జనవరి 18న. రెండు ఫైళ్లూ ఒక్కరోజు తేడాతో ఒకే శాఖ బల్ల మీదికి చేరాయి. ఒకటి రెక్కలు కట్టుకుని మద్రాసుకు ఎగిరింది. రెండోది ఢిల్లీలోనే, ఇండియా గేటు నుంచి నడిచి వెళ్లగలిగిన హైకోర్టుకు చేరలేకపోయింది. ఇతరులను ద్వేషిస్తున్నారన్న ఆరోపణ పక్షపాతానికి నిదర్శనం కాదు, ఒకరిని ప్రేమిస్తున్నారన్న నిజం మాత్రం నిదర్శనం. సూత్రం ఇప్పుడు స్పష్టంగా తెలిసింది.

ఆ రెండో సిఫారసు దాకా కథ ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. 2021 నవంబరు 11న, అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ అధ్యక్షుడిగా ఉన్న సుప్రీం కోర్టు కొలీజియం వాయిదాల గొడవకు స్వస్తి చెప్పి, కిర్పాల్ పేరును సిఫారసు చేసింది. అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరం నుంచి వెళ్లిన మనవాడు ఆ సంతకం పెట్టాడని తెలుగువాళ్లు గర్వపడొచ్చు. ఎంతమంది గర్వపడ్డారో లెక్క తీయకపోవడమే మంచిది. ప్రభుత్వం ఏడాదికి పైగా ఆ ఫైలు మీద కూర్చుని, 2022 నవంబరు 25న వెనక్కి పంపింది. సరిగ్గా అదే రోజు సుప్రీం కోర్టు ఇంకో కేసులో కేంద్రానికి నోటీసు ఇచ్చింది. హైదరాబాద్‌లో ఉంటున్న ఇద్దరు మగవాళ్లు తమ పెళ్లిని చట్టం గుర్తించాలని వేసిన కేసు అది. అంటే ఒకే తారీఖున, ఒక చేత్తో గే జడ్జి వద్దన్న కాగితం వచ్చింది, ఇంకో చేత్తో గే పెళ్లి ఎందుకు వద్దో చెప్పమన్న కాగితం వెళ్లింది. కథలో ఇలా రాస్తే ఏ ఎడిటరైనా నాటకీయంగా ఉందని కొట్టేసేవాడు.

2023 జనవరి 18న ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ నాయకత్వంలోని కొలీజియం అరుదైన పని చేసింది. ప్రభుత్వ అభ్యంతరాలను, ‘రా’ ఉత్తరాల తేదీలతో సహా, తన వెబ్‌సైట్లో పెట్టేసింది. ప్రతి ఒక్కరికీ తమ లైంగికతను బట్టి గౌరవంగా బతికే హక్కుందని, ఆయన ఏదీ చాటుమాటుగా చేయకపోవడం మెచ్చుకోదగ్గ విషయమని, ఐదేళ్లుగా పడి ఉన్న ఈ నియామకం త్వరగా తేల్చాలని రాసింది. మెచ్చుకోలుతో పాటు ఒక చిన్న మొట్టికాయ కూడా వేసింది, తన ఫైలు ఎందుకు ఆగిందో కిర్పాల్ పత్రికలతో మాట్లాడకుండా ఉంటే బాగుండేదని. అయిదేళ్లు గుమ్మం ముందు నిలబెట్టారు, పైగా దగ్గొద్దంటున్నారు.

దీని మీద అప్పటి న్యాయశాఖ మంత్రి కిరణ్ రిజిజు చాలా బాధపడ్డారు. నిఘా సంస్థల రహస్య నివేదికలను బహిరంగం చేయడం తీవ్రంగా ఆందోళన చెందాల్సిన విషయమన్నారు. ఆలోచిస్తే ఆయన బాధలో న్యాయం ఉంది. కిర్పాల్ గే అన్నది రహస్యం కాదు, సహచరుడు స్విస్ అన్నదీ రహస్యం కాదు. ఆ రెండు విషయాలకు దేశంలోని అత్యున్నత గూఢచారి సంస్థ భయపడుతోందన్నదే అసలు రహస్యం. అది శత్రుదేశాలకు తెలిస్తే పరువేం కావాలి?

నిఘావాళ్ల లెక్కలోనే ఇంకో తిరకాసు ఉంది, దాన్ని చూడాలంటే కాస్త అమెరికా దాకా వెళ్లి రావాలి. 1953 ఏప్రిల్‌లో ఐసెన్‌హోవర్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. దాని కింద స్వలింగ ప్రేమికులను వేలమందిని ప్రభుత్వోద్యోగాల నుంచి ఊడబెరికారు. కారణం ఏం చెప్పారంటే, వీళ్లు తమ సంగతి దాచుకుంటారు, దాచుకున్నవాణ్ని శత్రువు బెదిరించి రహస్యాలు లాగుతాడు. 1957లో సైన్యం మ్యాపుల విభాగంలో పనిచేస్తున్న ఫ్రాంక్ కామెనీ అనే ఖగోళ శాస్త్రవేత్తను ఇలాగే తీసేశారు. హార్వర్డ్‌లో డాక్టరేట్ చేసిన మనిషి. మిగతావాళ్లలా తలొంచుకుని పోలేదు, సుప్రీం కోర్టుదాకా కొట్లాడాడు, 1961లో ఆ కోర్టు వినడానికే ఒప్పుకోలేదు. ఆయన మాత్రం ఊరుకోలేదు. పికెటింగులు చేశాడు, ఉత్తరాలు రాశాడు, 1971లో కాంగ్రెసుకు పోటీ చేసి ఓడాడు. 1975లో ఆ నిషేధం పోయింది. 2009 జూన్‌లో, ఆయన్ని ఉద్యోగం నుంచి తీసేసిన వ్యవస్థకు వారసుడైన సిబ్బంది శాఖ అధిపతి జాన్ బెర్రీ, ప్రభుత్వం తరఫున లిఖితపూర్వకంగా క్షమాపణ చెప్పాడు. ఆ జాన్ బెర్రీ కూడా గేనే, దాచుకోకుండా ఆ కుర్చీలో కూర్చున్నవాడు. యాభై రెండేళ్లు పట్టింది గానీ, ఆఫీసు అదే.

ఇప్పుడు ఈ లెక్క మనవాళ్ల ముందు పెడదాం. దాచుకున్నవాడు ప్రమాదకరం, ఎందుకంటే బెదిరించొచ్చు. మంచిది. అలాంటప్పుడు దాచుకోనివాడు? అతన్ని ఏం చూపించి బెదిరిస్తారు? నీ సంగతి బయటపెడతాం అంటే, నేనే పెట్టాను, ఫొటో కావాలా అంటాడు. భద్రత దృష్ట్యా చూస్తే కిర్పాల్ లాంటివాడే అత్యంత భద్రమైన అభ్యర్థి. మన ‘రా’ వారు మాత్రం ఆయన బహిరంగంగా ఉండటాన్నే అభ్యంతరంగా రాశారు. 1953 నాటి అమెరికన్లకు అనుమానం ఉన్నా, కనీసం తర్కం ఉంది. మనం అనుమానం ఉంచుకుని తర్కాన్ని వదిలేశాం. ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉంది. హైకోర్టుల్లో ఇప్పటికే కూర్చున్న వందలాది న్యాయమూర్తుల్లో గేలు, లెస్బియన్లు ఎవరూ లేరని నమ్మేవాళ్లు అంకెల శాస్త్రం మళ్లీ చదవాలి. ఉన్నారు, నోరు మెదపరు. వాళ్లకు ఈ ఫైలు చెప్పే పాఠం ఒక్కటే: పెళ్లి చేసుకో, పిల్లల్ని కను, అబద్ధం చెప్పు, ప్రమోషన్ తీసుకో.

పక్షపాతం పాట అమెరికాలో కూడా పాడారు. కాలిఫోర్నియాలో స్వలింగ వివాహాన్ని నిషేధించిన ఎనిమిదో ప్రతిపాదనను 2010 ఆగస్టులో జడ్జి వాన్ వాకర్ కొట్టేశాడు. రిటైరయ్యాక తనకు మగ సహచరుడు ఉన్నాడని చెప్పాడు. అంతే, ఆ తీర్పు రద్దు చేయమని ఓడినవాళ్లు కోర్టుకెక్కారు. 2011 జూన్ 14న జడ్జి జేమ్స్ వేర్ అది కుదరదన్నాడు. గే కావడం వల్ల ఒకరు ఈ కేసు వినకూడదంటే, ఏ మైనారిటీ జడ్జీ ఏ హక్కుల కేసూ వినలేడని. నవ్వొచ్చే ముచ్చట ఏమిటంటే, 1980ల చివర ఇదే వాకర్‌ను జడ్జిగా వేయబోతే అడ్డుపడినవాళ్లు గే హక్కుల వాళ్లు. గే ఒలింపిక్స్ అన్న పేరు వాడకూడదని ఒలింపిక్ కమిటీ తరఫున కేసు వాదించాడని వాళ్లకు కోపం. మనుషుల మమకారాలను సీల్డ్ కవర్లో తూచేవాళ్లు ఈ కథ గోడకు తగిలించుకోవాలి.

ఆస్ట్రేలియా జడ్జి మైకేల్ కిర్బీ 1996 నుంచి 2009 దాకా ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానంలో కూర్చున్నాడు. 1999లో ‘హూజ్ హూ’ అనే ప్రముఖుల సూచికలో తన వివరాల్లో, 1969 నుంచి తనతో ఉంటున్న సహచరుడి పేరు అచ్చు వేయించాడు. ఆ సహచరుడు డచ్చి దేశం నుంచి వచ్చినవాడు, అంటే మన లెక్కలో అంతర్జాతీయ కుట్ర. మూడేళ్ల తర్వాత ఒక సెనేటర్ పార్లమెంటులో నిలబడి కిర్బీ మీద నీచమైన ఆరోపణ చేశాడు. ఆధారంగా చూపించిన కారు రికార్డు దొంగ కాగితమని తేలింది. సెనేటర్ క్షమాపణ చెప్పాడు, ప్రభుత్వంలో ఉన్న పదవి పోయింది. కిర్బీ ఇంకో ఏడేళ్లు అదే బెంచి మీద, తరచూ భిన్నాభిప్రాయాలు రాస్తూ గడిపాడు. దేశం మునగలేదు. మెకాలే శిక్షాస్మృతిలో మనకు 377 రాసిపెట్టిపోయిన ఇంగ్లండు సంగతి ఇంకా అవమానకరం. అక్కడ 1967లోనే ఆ నేరం ఎత్తేశారు, 2002లో బహిరంగంగా గే అయిన ఏడ్రియన్ ఫుల్‌ఫర్డ్ హైకోర్టు జడ్జి అయ్యాడు, 2016లో టెరెన్స్ ఎథర్టన్ ఆ దేశ న్యాయవ్యవస్థలో రెండో కుర్చీ ఎక్కాడు. మెకాలే మనవలు మెకాలేను వదిలేశారు. ఆయన ఆస్తి మొత్తం మనకు రాసిచ్చేసినట్టున్నారు.

ఢిల్లీవాళ్లను తిట్టి తెలుగువాళ్లను వదిలేస్తే నా మమకారం బయటపడుతుంది. హైదరాబాద్ జంట వేసిన పెళ్లి కేసులో కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం అడిగింది. 2023 మే 10న కోర్టుకు చెప్పిన ప్రకారం ఏడు రాష్ట్రాలు జవాబిచ్చాయి. వ్యతిరేకమని తేల్చి చెప్పినవి మూడు: రాజస్థాన్, అస్సాం, ఆంధ్రప్రదేశ్. మన ఆంధ్ర ప్రభుత్వం రాష్ట్రంలోని మతపెద్దలను సంప్రదించి, వాళ్లంతా వద్దన్నారు కాబట్టి వద్దంది. రాజధాని ఎక్కడో తేల్చుకోలేక ఏళ్ల తరబడి కొట్టుకున్న రాష్ట్రంలో అన్ని మతాల పెద్దలూ ఒక మాట మీదికి వచ్చిన విషయం ఇదొక్కటే. మత సామరస్యానికి మనం కనిపెట్టిన మార్గం చూశారా? ఇక జవాబిచ్చిన ఏడింటిలో తెలంగాణ లేదు. కేసు వేసిందేమో హైదరాబాద్ వాళ్లు.

ఆ ఏడాది అక్టోబరు 17న తీర్పు వచ్చింది. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు జడ్జీలూ ఏకమయ్యారు, పెళ్లి కాని ఇంకేదైనా గుర్తింపు ఇవ్వొచ్చా అన్న దగ్గర మూడు రెండుగా విడిపోయారు. కుదరదన్న ముగ్గురిలో ఒకరు మన పమిడిఘంటం నరసింహ, ఇంకొకరు తెలంగాణ హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన హిమా కోహ్లీ. చట్టం చేయాల్సింది పార్లమెంటు, కోర్టు కాదన్నారు. ఆ వాదన గౌరవించదగ్గదే, నేను ఒప్పుకోకపోయినా. కానీ పార్లమెంటు దగ్గరికి పొమ్మన్న ఆ జనం తరఫున పార్లమెంటులో, కోర్టులో, సెక్రటేరియట్‌లో కూర్చుని మాట్లాడేవాళ్లు ఎవరు? కూర్చోబోయినవాడి మీద ‘రా’ ఉత్తరం రాసింది కదా.

ఆ తర్వాత కేంద్రం కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. 2024లో అది కొన్ని వరాలు ప్రసాదించింది. స్వలింగ జంటలను రేషన్ కార్డు కోసం ఒకే ఇంటివాళ్లుగా చూడాలట. జాయింటు ఖాతా తెరుచుకోవచ్చట. సహచరుడు చనిపోతే, దగ్గరి బంధువులు లేనప్పుడు, శవాన్ని తీసుకెళ్లొచ్చట. బియ్యం తూచేటప్పుడు కుటుంబం, శవం మోసేటప్పుడు కుటుంబం, న్యాయం తూచే చోట మాత్రం దేశభద్రతకు ముప్పు. 2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కలిసి బతకాలనుకున్న ఇద్దరు మేజర్ యువతులను వాళ్ల మానాన బతకనివ్వమని తల్లిదండ్రులకు చెప్పాల్సి వచ్చింది. ఆ బెంచి అంత మాట అన్నందుకు సంతోషం. కానీ మేజర్లయిన ఇద్దరు ఆడవాళ్లు ఒక ఇంట్లో ఉండటానికి హైకోర్టు ఉత్తర్వు కావాల్సి వచ్చిన రాష్ట్రంలో, ఆదోనిలో నల్లకోటు వేసుకున్న గే కుర్రాడు తన సంగతి చెప్పుకుని జడ్జి పరీక్ష రాస్తాడనుకోవడం అత్యాశ. ప్రధాన న్యాయమూర్తి కొడుకునే గుమ్మం దాటనివ్వలేదన్న కబురు ఆ కుర్రాడికి ఈపాటికే చేరి ఉంటుంది. ఈ ఫైలు చేసిన అసలు పని అదే.

ఎవరూ ఏమీ చేయలేరన్న నిట్టూర్పు నాకిష్టం లేదు, ఎందుకంటే చట్టం అలా అనలేదు. 1993 నాటి తీర్పు ప్రకారం కొలీజియం రెండోసారి అదే పేరు పంపితే ప్రభుత్వం నియమించి తీరాలి. ఎప్పటిలోగా అన్నది కూడా సుప్రీం కోర్టు 2021 ఏప్రిల్ 20న చెప్పింది: మూడు నాలుగు వారాల్లోగా. కిర్పాల్ పేరుతో పాటు 2023 జనవరిలోనే కొలీజియం రెండోసారి పంపిన సోమశేఖర్ సుందరేశన్, సోషల్ మీడియాలో అభిప్రాయాలు చెప్పాడన్న అభ్యంతరం ఉన్నా, ఆ ఏడాది నవంబరులో బొంబాయి హైకోర్టు జడ్జి అయ్యారు. నోరున్నవాణ్ని ప్రభుత్వం చివరికి మింగగలిగింది. కిర్పాల్ విషయంలో చంద్రచూడ్ అన్న ‘త్వరగా’ ఆయన పదవీకాలం పొడుగునా సాగి, 2024 నవంబరులో ఆయన రిటైరయ్యేదాకా కూడా పూర్తి కాలేదు. 2017 అక్టోబరు నుంచి అప్పటికి ఆరుగురు ప్రధాన న్యాయమూర్తులు మారారు.

కాబట్టి న్యాయశాఖ వారికి ఒక విన్నపం. 2023 జనవరి 18కి నాలుగు వారాలు కలపండి. ఫిబ్రవరి 15 వస్తుంది. ఆ గడువు మీరు పెట్టుకున్నది కాదు, కోర్టు పెట్టింది. ఆయన తీర్పులు పక్షపాతంగా ఉంటే పై కోర్టు ఉంది, అప్పీలు వేసుకోండి, మీ దగ్గర అందుకు కావలసినంతమంది లాయర్లున్నారు. ముందు సంతకం పెట్టండి.